కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే డిస్కు తనిఖీ: దాన్ని ఎలా మార్చుకోవాలి, ఎప్పుడు జరగనివ్వాలి

ఒక డీటీపీ కేంద్రంలో పనిచేసే అమ్మాయి ఎనిమిది నెలలపాటు రోజూ ఉదయం ఒకే పని చేసింది. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చేవి. డి డ్రైవును తనిఖీ చేయాల్సి ఉంది, వద్దనుకుంటే ఏదైనా కీ నొక్కండి అని విండోస్ చెప్పేది. ఆమె స్పేస్ బార్ నొక్కేది. శ్రావణమాసం పెళ్లిళ్ల గిరాకీ మొదలైన వారంలో ఒకనాడు ఆ డి డ్రైవు తెరుచుకోలేదు. మూడేళ్ల శుభలేఖల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని సగానికి పైగా ఫైళ్లు బయటికి తీయగలిగాను. మిగిలినవి పోయాయి.

తప్పు ఆ అమ్మాయిది కాదు. "అది వస్తే ఏదో ఒక కీ నొక్కెయ్" అని ఆమెకు నేర్పింది అంతకుముందు వచ్చిన మరమ్మతు మనిషి. నన్ను కూడా చాలామంది ఇదే అడుగుతారు: పొద్దున్నే వచ్చే ఆ తనిఖీని ఆపేయండి అని. ఆపడం చాలా తేలిక, ఒక్క వరుస టైపు చేస్తే చాలు. అందుకే ఈ వ్యాసంలో ఆ వరుస దగ్గరికి వెళ్లేముందు కొంత దూరం నడిపిస్తాను. ఆ తనిఖీ ఏమి అడుగుతోందో వినకుండా దాని నోరు మూయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. విన్న తర్వాత అవసరాన్నిబట్టి గడువు పెంచుకోవచ్చు, ఒక డ్రైవును మినహాయించవచ్చు, మళ్లీ చేర్చుకోవచ్చు. అవన్నీ కింద ఉన్నాయి. ముందు విండోస్ 10, 11 గురించి, ఆ తర్వాత ఉబుంటు వంటి లినక్స్ గురించి చెబుతాను.

ఆదేశాల గురించి ఒక మాట. వాటిని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ దాని అక్షరాలను విడివిడిగా చెబుతాను. వాలుగీత అంటే కీబోర్డు మీద ప్రశ్నార్థకం ఉన్న కీతో వచ్చే గీత. మాటకూ మాటకూ మధ్య నేను ఖాళీ వదిలినచోట మీరూ ఖాళీ వదలండి.

ఆ ప్రశ్న ఎందుకు వస్తుంది

పాతకాలపు కిరాణా దుకాణంలో రెండు పుస్తకాలు ఉండేవి. అమ్మినది అమ్మినట్టు ముందు చిట్టాలో రాసుకునేవారు. తీరిక దొరికాక దాన్ని ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జాలో రాస్తుండగా దీపం ఆరిపోతే మర్నాడు చిట్టా చూసి సగంలో ఆగిన పద్దును సరిచేసుకోవచ్చు. విండోస్ డ్రైవుల్లో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌లో ఉండే ఎక్స్‌ట్4 రెండూ ఇలాగే పనిచేస్తాయి. ఏ ఫైలు ఎక్కడ ఉంది, ఎంత జాగా ఖాళీగా ఉంది అనే లెక్కలో మార్పు చేయబోయే ముందు ఆ మార్పును చిట్టాలో రాసుకుంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు చాలాసార్లు ఆ చిట్టాతోనే పని జరిగిపోతుంది. మీకు ఏ ప్రశ్నా కనబడదు.

చిట్టా సరిపోనప్పుడే అసలు కథ మొదలవుతుంది. పనిచేస్తూ ఉండగా ఆవర్జాలో పొంతన లేని పద్దు ఒకటి కనబడితే విండోస్ ఆ డ్రైవు మీద ఒక గుర్తు పెడుతుంది. దాన్ని డర్టీ బిట్ అంటారు. తర్వాతిసారి కంప్యూటర్ మొదలైనప్పుడు, మీరు లాగిన్ కాకముందే, ఫైళ్లు ఇంకా ఎవరి చేతిలోనూ లేని సమయంలో ఆటోచెక్ అనే చిన్న ప్రోగ్రాము అన్ని డ్రైవులనూ చూస్తుంది. గుర్తు లేని డ్రైవును దాటిపోతుంది. గుర్తు ఉన్నదాని దగ్గర ఆగి కొన్ని సెకన్లు లెక్కపెట్టి తనిఖీ మొదలుపెడుతుంది.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. కీ నొక్కి తనిఖీ తప్పించినంత మాత్రాన ఆ గుర్తు పోదు. దాన్ని చేత్తో తుడిచేసే ఆదేశం కూడా విండోస్‌లో లేదు. తనిఖీ పూర్తయి లెక్క సరిపోయాకే అది పోతుంది. అందుకే తప్పించినవారికి రోజూ అదే ప్రశ్న ఎదురవుతుంది. ఆ అమ్మాయికి ఎనిమిది నెలలు వచ్చింది ఒకే ప్రశ్న.

మొదటి అడుగు: డ్రైవు నిజంగా ఎలా ఉందో చూడండి

స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి, దాని మీద కుడి క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. మామూలుగా తెరిస్తే కింది ఆదేశాలకు అనుమతి లేదన్న సమాధానం వస్తుంది. తెరుచుకున్న కిటికీలో ఇలా టైపు చేయండి:

చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ డి:

మొదటి మాట సి, హెచ్, కె, ఎన్, టి, ఎఫ్, ఎస్ అనే ఏడు అక్షరాలు. డి స్థానంలో మీ డ్రైవు అక్షరం పెట్టుకోండి, పక్కన కోలన్ మరవకండి. డ్రైవు డర్టీగా ఉందా లేదా అన్నది రెండు వరుసల్లో చెబుతుంది. తర్వాతి బూట్‌లో, అంటే కంప్యూటర్ మళ్లీ మొదలయ్యేటప్పుడు, తనిఖీ జరగాలని ఎవరైనా ముందే పెట్టి ఉంటే అదీ చెబుతుంది. ఇదే సమాధానం ఇంకో దారిలో కావాలంటే:

ఎఫ్‌ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ డి:

మొదటి మాట ఎఫ్, ఎస్, యు, టి, ఐ, ఎల్. మిగతా రెండూ మామూలు ఇంగ్లిషు మాటలే. ఈ రెండు ఆదేశాలూ అడుగుతాయి తప్ప దేన్నీ మార్చవు, కాబట్టి నిర్భయంగా వాడండి.

అయితే ఇది లెక్కల పుస్తకం సంగతి మాత్రమే. పుస్తకం కాగితమే చిరిగిపోతుంటే? దాన్ని తెలుసుకోవాలంటే డిస్కు తన గురించి తాను రాసుకునే ఆరోగ్య వివరాలు చూడాలి. వాటిని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వీటిని చూపిస్తుంది. హార్డ్ డిస్కు అయితే 3 వరుసలు నేను తప్పకుండా చూస్తాను. 5వ నంబరు, పాడైన సెక్టార్ల (డిస్కు మీద డేటా ఉండే చిన్న గడుల) బదులు వేరేవి వాడిన లెక్క. 197వ నంబరు, చదవడం కష్టమై నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. 198వ నంబరు, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. అసలు విలువలను ఈ ప్రోగ్రాము మొదట హెక్సాడెసిమల్‌లో, అంటే అంకెలతోపాటు అక్షరాలూ వాడే పదహారు గుర్తుల లెక్కలో, చూపిస్తుంది, కంగారు పడకండి. సున్నా ఎందులోనైనా సున్నానే. ఈ మూడింటిలో ఏదైనా సున్నా కాకుండా ఉండి, వారం తర్వాత చూసేసరికి పెరిగిందంటే ఆ డిస్కు మీద ఇక ఆశ పెట్టుకోకండి. 199వ నంబరు మాత్రం పెరుగుతుంటే తప్పు చాలావరకు డిస్కుది కాదు, కేబులుది. కొత్త సాటా కేబులు వేసి చూడండి.

విండోస్ 11లో ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ ఉంటే సెట్టింగ్స్‌లోనే సిస్టమ్, స్టోరేజ్, అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్, డిస్క్స్ అండ్ వాల్యూమ్స్ వరుసగా తెరిచి, డిస్కు ప్రాపర్టీస్‌లో ఆరోగ్యం ఎంత మిగిలిందో చూడవచ్చు.

రెండో అడుగు: ఫైళ్లు వేరేచోటికి

డ్రైవు తెరుచుకుంటున్నంతసేపూ ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్కుకు నకలు తీసుకోండి. తనిఖీకి ముందే తీసుకోవాలి. తనిఖీ చేసే ప్రోగ్రాము ధ్యేయం మీ ఫైళ్లను కాపాడడం కాదు, ఆవర్జాను పొంతన కుదిరేలా చేయడం. లెక్కకు అందని ఫైలు ముక్కలు కనబడితే వాటిని ఫౌండ్.000 అనే దాచిన ఫోల్డరులో పేర్లు లేకుండా పడేస్తుంది. మీ పెళ్లి ఫొటో అక్కడ ఫైల్0000.చ్క్ అనే పేరుతో మిగలవచ్చు.

నకలు తీస్తుండగా డిస్కు టక్ టక్ మని చప్పుడు చేస్తున్నా, ఒక్కో ఫైలుకు నిమిషాలు పడుతున్నా అక్కడే ఆగండి. అలాంటి డిస్కు మీద తనిఖీ నడపడమంటే మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే. దాన్ని కంప్యూటర్ నుంచి విప్పి, డేటా వెలికితీత తెలిసినవారికి ఇవ్వండి.

మూడో అడుగు: తనిఖీని ఒక్కసారి పూర్తిగా జరగనివ్వండి

స్మార్ట్ వివరాలు బాగుండి, నకలు చేతిలో ఉంటే ఇక తనిఖీకి వెళ్లవచ్చు. మౌస్‌తో చేయాలనుకునేవారు దిస్ పీసీలో డ్రైవు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో టూల్స్, అక్కడ చెక్ నొక్కండి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఈ తనిఖీ మీరు పనిచేసుకుంటుండగానే నడుస్తుంది. చిన్న దోషాలను అప్పటికప్పుడే దిద్దుతుంది, వీలుకానివాటిని మాత్రం రీస్టార్ట్‌కు వదులుతుంది. అంతకుముందు దిద్దడానికి చాలాసార్లు పని ఆపి కూర్చోవాల్సి వచ్చేది.

ఆదేశంతో చేయడమే నాకు ఇష్టం, ఎందుకంటే ఏమి జరుగుతోందో కళ్ల ముందు కనబడుతుంది. ఆదేశం పేరు చెక్‌డిస్క్: సి, హెచ్, కె, డి, ఎస్, కె. దాన్ని 4 విధాలుగా వాడతాం.

చెక్‌డిస్క్ డి: అని మాత్రమే కొడితే చూసి చెబుతుంది, దేన్నీ దిద్దదు. వాడుతున్న డ్రైవు మీద ఇలా నడిపినప్పుడు లేని దోషాలు ఉన్నట్టు చూపించే అవకాశం ఉంది. ఆ ఫలితాన్ని చూసి బెంబేలెత్తకండి.

చెక్‌డిస్క్ డి: /స్కాన్ అంటే డ్రైవు వాడుకలో ఉండగానే జరిగే తనిఖీ. ముందు దీన్నే వాడండి. స్కాన్ మామూలు ఇంగ్లిషు మాటే.

చెక్‌డిస్క్ డి: /ఎఫ్ అంటే దోషాలను దిద్దమని. ఈ సమయంలో డ్రైవు ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదు. సి డ్రైవు మీద విండోసే నడుస్తోంది కాబట్టి అది కుదరదు. అప్పుడు తర్వాతి బూట్‌లో చేయాలా అని అడుగుతుంది, వై కొట్టి ఎంటర్ నొక్కండి.

చెక్‌డిస్క్ డి: /ఆర్ అంటే దిద్దడంతోపాటు డిస్కు మీది ప్రతి సెక్టారునూ చదివి చూడమని. సమయం ఎక్కడ పోతుందో ఇక్కడే తెలుస్తుంది. సెకనుకు 100 ఎంబీ చదివే హార్డ్ డిస్కు 1 టీబీ చదవడానికి 10,000 సెకన్లు కావాలి, అంటే దాదాపు 2 గంటల 45 నిమిషాలు. ఇది అన్నీ సవ్యంగా సాగితే. చదవడం కష్టమైన సెక్టార్లు ఉంటే రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. /ఎఫ్ మూడు దశల్లో ముగుస్తుంది, /ఆర్‌కు మరో రెండు దశలు అదనం. శాతం ఒకేచోట గంటసేపు నిలబడిందని పవర్ బటన్ నొక్కి ఆపకండి. డిస్కు లైటు మినుకుమంటున్నంతసేపూ పని జరుగుతున్నట్టే. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిలుస్తుందో లేదో ముందే చూసుకోండి. సాయంత్రం దుకాణం కట్టేముందు మొదలుపెట్టి వెళ్లడం మంచి పద్ధతి.

ఎస్‌ఎస్‌డీల మీద /ఆర్ నడపాల్సిన అవసరం నాకు ఎప్పుడో తప్ప కనబడలేదు. పాడైన జాగాను పక్కన పెట్టే పని అవి లోలోపలే చేసుకుంటాయి. వాటికి /స్కాన్, /ఎఫ్ చాలు.

వై కొట్టాక కంప్యూటర్‌ను షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే తనిఖీ రాకపోవచ్చు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. దానివల్ల షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా ముగియదు, సగం నిద్రపోతుంది. లేచినప్పుడు నిద్రలోంచి లేస్తుంది కాబట్టి బూట్ సమయపు తనిఖీకి చోటు ఉండదు. అందుకే స్టార్ట్ మెనూలో రీస్టార్ట్‌నే ఎంచుకోండి.

నాలుగో అడుగు: ఏమి జరిగిందో చదవండి

తనిఖీ పూర్తయ్యాక తెర క్షణంలో మాయమై విండోస్ వచ్చేస్తుంది. ఫలితం మాత్రం ఎక్కడికీ పోదు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్ ఎంచుకోండి. కుడివైపు ఫైండ్ నొక్కి విన్‌ఇనిట్ అని వెతకండి, అంటే డబ్ల్యు, ఐ, ఎన్, ఐ, ఎన్, ఐ, టి. ఈవెంట్ నంబరు 1001 ఉన్నదే మీకు కావలసింది. విండోస్ లోపల నడిపిన తనిఖీల ఫలితం అదే జాబితాలో చెక్‌డిస్క్ పేరు మీద ఉంటుంది.

అందులో చివరి వరుసల దగ్గర పాడైన సెక్టార్లలో ఎన్ని కేబీ ఉన్నాయో రాసి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే ఊపిరి పీల్చుకోండి. సున్నా కాకపోతే మొదటి అడుగులో చెప్పిన స్మార్ట్ వివరాలను మళ్లీ చూడండి. ఆ తర్వాత చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ డి: అని మళ్లీ అడగండి. డర్టీ కాదని వస్తే చాలామంది పని ఇక్కడితో అయిపోయినట్టే. రేపటి నుంచి ఆ నల్ల తెర రాదు, ఏ సెట్టింగూ మార్చాల్సిన అవసరమే లేదు.

ఐదో అడుగు: సెట్టింగులు మార్చడం

ఇప్పుడు అసలు అడిగినదానికి వద్దాం. అన్నింటికీ చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక్కటే సాధనం.

లెక్కపెట్టే సెకన్లు మార్చాలంటే:

చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /టి:30

ఇక నుంచి తనిఖీ మొదలయ్యే ముందు 30 సెకన్లు ఆగుతుంది. అంకె లేకుండా /టి అని మాత్రమే కొడితే ఇప్పుడు ఎంత ఉందో చెబుతుంది. బిల్లింగ్ కౌంటరు వంటి చోట్ల నేను దీన్నే ముందు సూచిస్తాను. వరుసలో జనం నిలబడి ఉంటే ఆలోచించుకుని ఆ ఒక్క పూటకు వాయిదా వేసుకునే వ్యవధి దొరుకుతుంది, రాత్రికి తనిఖీ చేయించుకోవచ్చు. /టి:0 మాత్రం పెట్టకండి. అప్పుడు అత్యవసరమైనా ఆపే వీలు ఉండదు.

ఒక డ్రైవును బూట్ తనిఖీ నుంచి మినహాయించాలంటే:

చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /ఎక్స్ డి:

రెండు డ్రైవులైతే రెండింటినీ ఒకే వరుసలో రాయాలి: చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /ఎక్స్ డి: ఇ: అని. ఇది చాలా ముఖ్యం. ఈ ఆదేశం పాత మినహాయింపులను గుర్తుపెట్టుకోదు. నిన్న డి, ఇవాళ ఇ అని విడివిడిగా కొడితే ఇ మాత్రమే మినహాయింపులో మిగులుతుంది, డి తిరిగి తనిఖీలోకి వచ్చేస్తుంది. చెక్‌డిస్క్ అడిగినప్పుడు వై కొట్టి పెట్టుకున్న తనిఖీని మనసు మార్చుకుని రద్దు చేయడానికి కూడా ఇదే దారి.

మినహాయింపు ఎప్పుడు సబబు? నాకు తెలిసిన మంచి సందర్భం ఒకటుంది. చెడిపోతున్న డిస్కు నుంచి ఫైళ్లు బయటికి తీస్తున్నప్పుడు మధ్యలో రీస్టార్ట్ అయితే, ఆటోచెక్ తనకు తానుగా దాని మీద దిద్దుబాట్లు రాయడం మొదలుపెడుతుంది. ఆ రాతలే ఉన్న కాస్త డేటానూ చెరిపేయవచ్చు. అలాంటప్పుడు నకలు పూర్తయ్యేవరకు ఆ డ్రైవును మినహాయించడం తెలివైన పని. రోజూ ప్రశ్న రావడం చిరాకుగా ఉందని చేసే మినహాయింపు మాత్రం జ్వరం చూపిస్తోందని థర్మామీటరును పారేయడం లాంటిది.

ఒక డ్రైవును తర్వాతి బూట్‌లో చూడమని చెప్పాలంటే:

చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /సి డి:

దీనికీ చెక్‌డిస్క్ /ఎఫ్‌కూ తేడా ఉంది. /సి పెట్టినా డ్రైవు డర్టీగా ఉంటేనే తనిఖీ జరుగుతుంది. గుర్తు లేకపోయినా జరిగితీరాలంటే చెక్‌డిస్క్ /ఎఫ్ కొట్టి వై చెప్పాలి.

లెక్కపెట్టే సెకన్లు తప్ప మిగతావన్నీ మొదటికి తేవాలంటే:

చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /డి

ఇక్కడ డి డ్రైవు పేరు కాదు, పక్కన కోలన్ ఉండదు. దీనితో మినహాయింపులు పోయి అన్ని డ్రైవులూ తిరిగి బూట్ తనిఖీలోకి వస్తాయి. ఇంకెవరో చేతులు పెట్టిన కంప్యూటర్ మీ దగ్గరికి వస్తే మొదట కొట్టాల్సిన ఆదేశం ఇదే.

సెకన్ల లెక్క తప్ప ఈ మార్పులన్నీ విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో సెషన్ మేనేజర్ అనే చోట బూట్‌ఎగ్జిక్యూట్ అనే విలువలో నిలుస్తాయి. అక్కడ మామూలుగా ఆటోచెక్ పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది, అంటే అన్ని డ్రైవులూ అని. డి డ్రైవును మినహాయించినప్పుడు నక్షత్రానికి ముందు /కె:డి అని చేరుతుంది. చూసి తెలుసుకోవడానికి రిజిస్ట్రీ ఎడిటర్ తెరిస్తే తప్పు లేదు. చేత్తో మాత్రం మార్చకండి, ఆ విలువ మొత్తాన్ని ఖాళీ చేయమని చెప్పే సలహాలను అసలు పాటించకండి. ఆదేశం చేయగల పనికి రిజిస్ట్రీలో వేలు పెట్టాల్సిన అవసరం లేదు.

తనిఖీ పూర్తయినా మళ్లీ మళ్లీ వస్తుంటే

దిద్దిన మర్నాడే డ్రైవు మళ్లీ డర్టీ అవుతోందంటే ఎక్కడో కారణం బతికే ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ యంత్రం ఒక్కసారిగా ఆగిపోతుంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, వేసవిలో మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇదే ఎక్కువ. బయటి డిస్కును సేఫ్‌లీ రిమూవ్ చేయకుండా లాగేసే అలవాటు రెండోది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండటం మూడోది. సగం నిద్రలో ఉన్న విండోస్ డ్రైవులోకి లినక్స్ వెళ్లి రాస్తే లెక్క తప్పుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏమి చేయాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. ఇవేవీ కాకపోతే ర్యామ్‌ను అనుమానించండి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని స్టార్ట్‌లో వెతికితే పరీక్ష దొరుకుతుంది. చెడిన ర్యామ్ గుండా వెళ్లిన లెక్క డిస్కు మీదికి తప్పుగానే చేరుతుంది.

విండోస్ లాగిన్ తెర వరకు వచ్చి ముందుకు కదలకపోతే, అక్కడే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లండి. అక్కడ డ్రైవు అక్షరాలు మారిపోయి ఉండవచ్చు. మీ సి డ్రైవు అక్కడ డి కావచ్చు. డిస్క్‌పార్ట్ (డి, ఐ, ఎస్, కె, పి, ఎ, ఆర్, టి) అని కొట్టి, లిస్ట్ వాల్యూమ్ అని అడిగి, సైజును బట్టి గుర్తుపట్టి, ఎగ్జిట్ కొట్టి బయటికి వచ్చాకే చెక్‌డిస్క్ నడపండి. డ్రైవుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

లినక్స్‌లో

ఉబుంటు బూట్ అవుతున్నప్పుడు డిస్కు పేరు, దాని పక్కన క్లీన్ అనే మాట, ఫైళ్ల సంఖ్య కనబడితే అది దోషం కాదు. అంతా బాగుందన్న కబురు. ఆ వరుస చూసి భయపడి ఫోన్ చేసినవారు నాకు చాలామంది తెలుసు.

ఎక్స్‌ట్4 డ్రైవుల్లో ఇన్నిసార్లు బూట్ అయ్యాక లేదా ఇన్ని రోజులు గడిచాక తప్పనిసరి తనిఖీ అనే ఏర్పాటు ఒకటి ఉంది. ఇప్పుడు కొత్తగా తయారుచేసే డ్రైవుల్లో అది మొదటి నుంచే ఆపి ఉంటుంది. మీకు కావాలంటే తిరిగి పెట్టుకోవచ్చు. ముందుగా లిస్ట్‌బ్లాక్, అంటే ఎల్, ఎస్, బి, ఎల్, కె అని కొట్టి, పక్కన -ఎఫ్ చేర్చి మీ డ్రైవు పేరు తెలుసుకోండి. అది ఎస్‌డీఏ2 (ఎస్, డి, ఎ, 2) అనుకుందాం. ఇప్పుడున్న స్థితి చూడడానికి:

సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌డీఏ2

సుడో అంటే ఎస్, యు, డి, ఓ. తర్వాతి మాట టి, యు, ఎన్, ఇ, 2, ఎఫ్, ఎస్. డెవ్ అంటే డి, ఇ, వి. వచ్చిన పొడవాటి జాబితాలో మౌంట్ కౌంట్, మాగ్జిమమ్ మౌంట్ కౌంట్, చెక్ ఇంటర్వల్, లాస్ట్ చెక్‌డ్ అనే 4 వరుసలు చూడండి. గరిష్ఠ సంఖ్య దగ్గర మైనస్ 1, ఇంటర్వల్ దగ్గర 0 ఉంటే కాలానుగుణ తనిఖీ లేనట్టే.

30 బూట్‌లకు ఒకసారి, లేదా 3 నెలలకు ఒకసారి, ఏది ముందు వస్తే అప్పుడు తనిఖీ కావాలంటే:

సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -సి 30 -ఐ 3ఎం /డెవ్/ఎస్‌డీఏ2

ఎం అంటే నెలలు, డబ్ల్యు పెడితే వారాలు, డి పెడితే రోజులు. ఆపేయాలంటే రెండు చోట్లా 0 పెట్టండి. నెలల తరబడి ఆపకుండా నడిచే యంత్రానికి రోజుల లెక్క ఒక్కటే పెట్టినా తనిఖీ జరిగేది బూట్ అయినప్పుడే అని గుర్తుంచుకోండి.

ఈ ఒక్కసారికి మాత్రం తనిఖీ కావాలనుకుంటే కంప్యూటర్ మొదలైనప్పుడు ఏ సిస్టమ్ నడపాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో ఉబుంటు మీద నిలిచి ఇ నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఖాళీ వదిలి ఎఫ్‌ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. మొదటి ముక్క ఎఫ్, ఎస్, సి, కె. ఫోర్స్ బదులు స్కిప్ పెడితే ఆ ఒక్క బూట్‌కు తనిఖీ ఉండదు. ఇలా చేర్చినది తర్వాతి బూట్‌కు నిలవదు, కాబట్టి ప్రయోగానికి ఇది భద్రమైన చోటు. ఫలితం చదవడానికి జర్నల్‌సీటీఎల్ -బి అని (మొదటి మాట జె, ఓ, యు, ఆర్, ఎన్, ఎ, ఎల్, సి, టి, ఎల్) కొట్టి అందులో ఎఫ్‌ఎస్‌సీకే మాట వెతకండి.

శాశ్వత మార్పుకు చోటు /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ అనే ఫైలు. ఆ పేరులో మొదటి ముక్క ఇ, టి, సి, రెండోది ఎఫ్, ఎస్, టి, ఎ, బి. ప్రతి డ్రైవుకూ ఒక వరుస, ప్రతి వరుసలో 6 గడులు ఉంటాయి. ఆరో గడిలో 0 ఉంటే బూట్‌లో తనిఖీ లేదు, 1 ఉంటే మొదట తనిఖీ చేయాలి, 2 ఉంటే దాని తర్వాత. 1 అన్నది లినక్స్ సిస్టమ్ ఉండే రూట్ డ్రైవుకే పెట్టాలి, మిగతావాటికి 2. ఈ ఫైలులో ఒక్క అక్షరం తప్పినా కంప్యూటర్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి నిలబడవచ్చు. మార్చే ముందు నకలు తీసుకోండి. మార్చాక రీస్టార్ట్ చేయకముందే సుడో ఫైండ్‌ఎంఎన్‌టి --వెరిఫై అని అడిగితే తప్పులుంటే చెబుతుంది. రెండు గీతలూ తప్పనిసరి. రెండో మాట ఎఫ్, ఐ, ఎన్, డి, ఎం, ఎన్, టి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే వేరే ఫైల్ పద్ధతులు వాడేవారికి ఇవి చాలావరకు వర్తించవు. ఆ రెండింటికీ బూట్ సమయంలో పిలిచే ఎఫ్‌ఎస్‌సీకే మామూలుగా ఏమీ చేయకుండా తిరిగి వస్తుంది. వాటి మరమ్మతు సాధనాలు వేరు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద మరమ్మతు ఆదేశాన్ని తెలిసినవారి సలహా లేకుండా నడపవద్దు.

బూట్ మధ్యలో ఆగి, ఎఫ్‌ఎస్‌సీకేను చేత్తో నడపమని చెప్పి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే మాట బ్రాకెట్లలో చూపిస్తే, అక్కడే ఎఫ్‌ఎస్‌సీకే -వై అని కొట్టి పక్కన ఆ తెర మీద కనబడిన డ్రైవు పేరు రాయండి. ముగిశాక ఎగ్జిట్ కొట్టండి. నడుస్తున్న ఉబుంటు లోపలినుంచి మాత్రం వాడుకలో ఉన్న డ్రైవు మీద ఎఫ్‌ఎస్‌సీకే ఎన్నడూ నడపకండి. రాస్తున్న ఆవర్జాను ఇద్దరు ఒకేసారి దిద్దినట్టు అవుతుంది.

ఇక చివరి పని. నేను ఏ కంప్యూటర్‌లో ఈ సెట్టింగు మార్చినా క్యాబినెట్ మీద చిన్న కాగితం అంటిస్తాను. తేదీ, మినహాయించిన డ్రైవు, ఎందుకు మినహాయించానో ఒక వాక్యం, తిరిగి మొదటికి తెచ్చే ఆదేశం. ఆ డీటీపీ కేంద్రంలో ఇప్పుడు కొత్త డిస్కు ఉంది, మినహాయింపులు ఏవీ లేవు. కాగితం మీద ఒకటే రాసి ఉంది: నల్ల తెర వస్తే కీ నొక్కవద్దు, ముందు నకలు ఉందో లేదో చూడు, లేకపోతే ఫోన్ చెయ్యి.